రాజధాని దిగేవోళ్ళు

చావు కబుర్లు నాకు ముందు ఫొటోలుగా వస్తాయి. ఫోను మోగుతుంది, తీసి చూస్తే ఒక మొహం. పెళ్ళి పందిట్లో నవ్వుతున్నదో, ఆధార్ కార్డులో బిగుసుకుపోయినదో, మనవడి పుట్టినరోజు కేకు పక్కన సగం కోసుకుపోయినదో. దాని కింద "అన్నా, అర్జెంటు, సాయంత్రానికి కావాలి" అని ఉంటుంది. చోడవరంలో నాది ఫ్లెక్సీల షాపు. ఒకప్పుడు ఫొటో స్టూడియో. జనాలందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక స్టూడియోలో ఈగలు తోలుకోలేక మిషను కొన్నాను. నాయకుల పుట్టినరోజులు, షాపుల ఓపెనింగులు, ఓణీల ఫంక్షన్లు, శ్రద్ధాంజలులు అన్నీ ఆ ఒక్క మిషన్లోంచే దిగుతాయి.

కరోనా వచ్చిన ఏడు ఆ మిషను ఆగలేదు. అప్పటినుంచి నాకు ఏడుపు రావడం మానేసింది. సొంత అన్నయ్య పోతే ఫ్లెక్సీ నేనే చేశాను. చేస్తూ చేస్తూ బంతిపూల బోర్డరులో పసుపు ఎక్కువైందని కాస్త తగ్గించాను. మా ఆవిడ నా వెనక నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

పోయిన నెల వచ్చిన మొహం చూసినప్పుడు మాత్రం మౌసు మీద చెయ్యి ఆగింది. ఏడుపేమీ రాలేదు. చెయ్యి ఆగింది, అంతే. ఫొటోలో ఆయన కాలరు గుండీ ఊడి ఉంది.

ఆ గుండీని ఆయన వడ్డాది వచ్చేముందు పెట్టుకునేవాడు.

బస్సు కండక్టరు. మా చోడవరం నుంచి వడ్డాది మీదుగా మాడుగుల పోయే ఆర్డినరీ బస్సులో ఏళ్ళ తరబడి ఆయనే. పేరు నాకు తెలీదు. టిక్కెట్టు కొన్న వాళ్ళెవరికీ తెలీదనుకుంటాను. అందరూ కండక్టర్ బాబు అనేవాళ్ళు. ఫ్లెక్సీ మీద టైపు చెయ్యడానికి కొడుకు పంపిస్తే తెలిసింది. ఇన్నేళ్ళు లేని పేరు ఇప్పుడెందుకని ఇక్కడ రాయడం లేదు.

పెళ్ళిళ్ళకి ఫొటోలు తియ్యడానికి వారానికొకసారైనా ఆ బస్సెక్కేవాణ్ణి. కెమెరా బ్యాగు ఒళ్ళో, లైట్ల స్టాండు కాళ్ళ మధ్య. మిగతా ఊళ్ళన్నిటినీ ఆయన ముక్కుతో పిలిచేవాడు. పేరు సగం మింగేసి, బెల్లు తాడు లాగేసి, రైట్ రైట్ అనేవాడు. వడ్డాది దగ్గరపడేసరికి మనిషి మారిపోయేవాడు. తల మీద తుండు తీసి సంచిలో పెట్టేవాడు. కాలరు గుండీ పెట్టుకునేవాడు. అప్పుడు వెనక తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిటారుగా నిలబడి, గొంతు విప్పి కేకేసేవాడు.

"రాజధానీ... రాజధాని దిగేవోళ్ళు రండి!"

కొత్తవాళ్ళు తలలు తిప్పి చూసేవాళ్ళు. కిటికీలోంచి చూస్తే కనిపించేది ఒక జంక్షను. టీ కొట్టు, చెరుకు రసం బండి, సెల్‌ఫోను రీచార్జీ బడ్డీ, సంత రోజైతే తట్టలు, వంకాయలు, కోళ్ళు. ఇదేం రాజధానిరా నాయనా అని నవ్వుకునేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. లేచి, తట్టలు నెత్తిన పెట్టుకుని దిగిపోయేవాళ్ళు. వాళ్ళకి అది వాళ్ళ స్టాపు పేరు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఎన్నో వందల ఏళ్ళ కింద మత్స్య వంశపు రాజులు వడ్డాది నుంచి ఈ ప్రాంతాన్ని ఏలారని పుస్తకాల్లో ఉంది. శాసనాలు కూడా ఉన్నాయంటారు. వంశానికి మూలపురుషుడు చేప కడుపున పుట్టాడని ఒక కథ. నాకు తెలిసిందీ అంతే, ఆయనకి తెలిసిందీ అంతే. నిజం చెప్పాలంటే ఆయనకి ఇంకా తక్కువ తెలుసు. ఏ రాజు, ఎప్పుడు అని ఎవరైనా అడిగితే, రాజంటూ ఒకడున్నాడు గదా, అది చాలదా అని ఎదురడిగేవాడు. కోట ఎక్కడుండేదని నేనే ఒకసారి అడిగితే చెరుకు తోటల వైపు చెయ్యి చూపించాడు. మరోసారి పెట్రోలు బంకు వైపు చూపించాడు. మొన్న అటన్నావు కదా అని పట్టుకుంటే ఏమాత్రం తడుముకోలేదు.

"కోటన్నాక ఒక్క పక్కే ఉంటాదేటి బాబూ? సుట్టూ ఉంటాది."

చేపల రాజుల సంగతి ఎత్తితే ఎండుచేపల తట్టతో ఎక్కే ఒకావిడ, అయితే ఆ రాజులు మా చుట్టాలే, నాకు టిక్కెట్టెందుకని తగువు పెట్టుకునేది. సరే రాణీగారూ, తట్టకైనా తీసుకోండి అనేవాడు ఆయన. ఆ తట్ట పక్కన కూచున్న వాళ్ళు ముక్కు మూసుకుని కూడా నవ్వేవాళ్ళు.

చంటిపిల్లల తల్లులు ఎక్కేటప్పుడు ముందు పిల్లని ఆయనే అందుకునేవాడు. మగపిల్లాడైతే రాజుగోరు, ఆడపిల్లయితే రాణిగోరు. తల్లి సంచులన్నీ సర్దుకుని సీట్లో కూచునేదాకా రాజుగారు ఆయన భుజం మీదే ఉండేవారు. టిక్కెట్లు ఒంటి చేత్తో కొట్టేవాడు. ఒకసారి ఒక రాణిగారు ఆయన ఖాకీ చొక్కా నిండా పాలు కక్కేసింది. తల్లి సిగ్గుతో చచ్చిపోతుంటే, పట్టాభిషేకం అయిపోయిందమ్మా అన్నాడు. ఆ మరకతోనే మాడుగుల దాకా టిక్కెట్లు కొట్టాడు.

ఆ మనిషి ఊరు వడ్డాది కాదు. చీడికాడ పక్కన పల్లె. మరి వడ్డాది మీద అంత మోజేమిటో చాలాకాలం నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వి బెల్లు తాడు లాగేవాడు.

రాష్ట్రం విడిపోయింది. రాజధాని ఎక్కడని మొదలై, అక్కడా ఇక్కడా అని సాగి, ఒకటా మూడా అనే దాకా వచ్చింది. మన విశాఖపట్నమే రాజధాని అని కొందరు తీపి పంచితే, అలా ఎలా అని కొందరు కొట్లాటకి దిగారు. మా షాపుకి ఆ రోజుల్లో గిరాకీ బాగా ఉండేది. పొద్దున ఒక పార్టీ ఫ్లెక్సీ, మధ్యాహ్నం ఇంకో పార్టీ ఫ్లెక్సీ. రెంటిమీదా రాజధాని అన్న మాట పెద్ద అక్షరాల్లోనే ఉండేది. బస్సులో ఆయన కేక మాత్రం మారలేదు. వినే చెవులు మారాయి. ఎవడో కుర్రాడు ఆయన కేకని ఫోన్లో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఒక పక్షం వాళ్ళు, చూడండి కండక్టర్లు కూడా మనల్ని ఎగతాళి చేస్తున్నారన్నారు. రెండో పక్షం వాళ్ళు కూడా సరిగ్గా అదే మాటన్నారు. ఎవరు ఫిర్యాదు చేశారో తెలీదు. డిపోకి పిలిచి ఊరి పేరే చెప్పు, వేరే మాట వద్దన్నారట. అందులో వాళ్ళ తప్పేముంది. వాళ్ళ బాధలు వాళ్ళవి.

ఆ తర్వాతి సంత రోజు నేను ఆ బస్సులో ఉన్నాను. వడ్డాది దగ్గరపడింది. ఆయన తుండు తియ్యలేదు, గుండీ పెట్టుకోలేదు. బస్సు ఆగింది. "వడ్డాది" అన్నాడు, మిగతా ఊళ్ళని పిలిచినట్టే ముక్కుతో. కుర్రాళ్ళు ఎవరో దిగారు. రైట్ అన్నాడు. బస్సు కదిలి, ఊరు దాటి, తోటల మధ్యకి వచ్చేసింది. అప్పుడు లేచారు ఆడవాళ్ళు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, సగం నిద్రలోంచి, తట్టలు పట్టుకుని. ఒక ముసలామె ఇంతెత్తున లేచింది.

"ఏటి బాబూ, సెప్పవేటి? నోరు పడిపోనాదా?"

"సెప్పేనమ్మా. వడ్డాది అన్నాను."

"వడ్డాది అంటే నాకెలా తెలుస్తాది? రాజధాని అనాల గదా!"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆవిడది వడ్డాదే. అయినా ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ నాకు కనబడలేదు. చెవి ఆ ఒక్క కేకకి అలవాటు పడిపోయింది. తక్కినదంతా బస్సు చప్పుడే. బస్సంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. బస్సు ఆపించి, తట్టలన్నీ తనే ఒక్కొక్కటీ కిందకి దింపి, ముసలామెని చెయ్యిపట్టి దింపాడు. డ్రైవరు హారను కొడుతూ విసుక్కుంటున్నాడు. తిరిగి ఎక్కాక ఆయన తన సీట్లో కూచున్నాడు. ఆ మనిషి బస్సులో కూచోగా నేను చూడటం అదే మొదలు.

రెండు మూడు సంతలు అలాగే జరిగాయి. ఆడవాళ్ళు దిగడం మర్చిపోవడం, డ్రైవరు తిట్టడం. చివరికి ఆయన్ని ఆ రూటు నుంచి మార్చేశారు. సిటీలో ఏదో రూట్లో వేశారని విన్నాను. అక్కడ స్టాపులు పిలిచే అలవాటే లేదట. ఎవడి స్టాపు వాడే చూసుకు దిగాలి. అక్కడే రిటైరయ్యాడు.

రిటైరయ్యాక ఒకరోజు నా షాపుకి వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన తుండు. నేను గుర్తుపట్టలేదేమో అనుకుని, లైట్ల స్టాండు బాబూ అని పిలిచాడు. ఫ్లెక్సీ ఒకటి కావాలన్నాడు. ఏం రాయాలంటే, మత్స్యరాజుల రాజధాని వడ్డాదికి స్వాగతం అన్నాడు. జంక్షన్లో కడతాడట. రాజకీయం అనుకుంటారు, చింపేస్తారు, నీకెందుకీ గొడవ అన్నాను. ఆయన తుండు ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకున్నాడు.

"అయితే పాత రాజధాని అని రాయి. పాతది ఎవులికీ అక్కర్నేదు గదా."

అలాగే రాశాను. ప్రింటు దిగుతుంటే మిషను పక్కనే నిలబడి, అక్షరం అక్షరం బయటికి రావడం చూశాడు. టీ తెప్పించాను. తాగుతూ, నేను అడక్కుండానే, ఇన్నేళ్ళూ అడిగినప్పుడు చెప్పనిది చెప్పాడు. వాళ్ళమ్మ కన్నవారిల్లు వడ్డాది. చీడికాడ పక్క పల్లెకి కోడలిగా వచ్చింది. వంట బాగోలేదనో, నడక బాగోలేదనో అత్తవారింట్లో ఏదో ఒకటి అంటూండేవాళ్ళు. ఏ ఊరిదానివే నువ్వు అని ఎవరైనా దెప్పితే, మాది రాజధాని అనేదట. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్ళట. నాన్నమ్మ, నాన్న, బాబాయిలు. నవ్వేకొద్దీ ఆవిడ ఇంకా గట్టిగా అనేదట. ఈయన చిన్నప్పుడే పోయింది.

"మాయమ్మ మొకం సరిగ్గా గుర్తు నేదు బాబూ. ఒక ఫొటో అయినా నేదు. ఆ మాటొకటి ఉన్నాది. బస్సులో అరిస్తే ఎవులూ నవ్వకుండా దిగీవోరు సూడు... అది సాలు నాకు."

ఫొటోలు తీసే బతుకు నాది. ఆవిడ ఒక్క ఫొటో కూడా లేకుండా పోయింది. టీ గ్లాసు కింద పెట్టి, ఫ్లెక్సీ చుట్టి ఇచ్చాను. జాగ్రత్తగా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఆ ఫ్లెక్సీ జంక్షన్లో ఎన్నాళ్ళుందో నాకు తెలీదు. వానాకాలంలో అటు వెళ్ళినప్పుడు చూశాను. సంతలో బెల్లం దిమ్మల మీద బోర్లా కప్పి ఉంది. అంచు దగ్గర 'స్వాగతం' అన్న అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. మనసు చివుక్కుమంది. తర్వాత ఆయన కనిపించినప్పుడు చెప్పాలా వద్దా అని నసుగుతుంటే ఆయనే చెప్పాడు, తనూ చూశాడట. ఎవరిదా బెల్లం అని కూడా అడగలేదట. తడవకుండా ఉంది కదా, రాజు మాత్రం ఇంతకంటే ఏం చేస్తాడన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరం టీ తాగాం. అదే ఆఖరుసారి చూడటం.

ఇప్పుడీ ఫొటో. పంపించింది కొడుకు. విశాఖపట్నంలో ఏదో ఫ్యాక్టరీలో పని. ఫోన్లో మాట్లాడాను. రెండు కావాలన్నాడు. ఒకటి ఇంటి దగ్గరికి. రెండోది వడ్డాది జంక్షన్లో కట్టాలని వాళ్ళమ్మ పట్టుబట్టింది. పేరు, పుట్టింది, పోయింది, శ్రద్ధాంజలి. అంతేనా అన్నాను. అంతే అన్నాడు. వడ్డాది దానిమీద ఒక మాట వేద్దామా, పాత రాజధాని అని, ఆయనకి ఇష్టం కదా అన్నాను.

"వద్దన్నా. ఆ మాటకే మా నాన్న రూటు పోగొట్టుకున్నాడు. సచ్చినాక కూడా ఎవుడో ఒకడు ఏదో ఒకటి అంటాడు. నేను పడలేను."

అతను చెప్పిందీ నిజమే. తండ్రి పడ్డ మాటలు చూసినవాడు. సరే అన్నాను. బేరం కాదు కదా, ఒకటికి రెండుసార్లు అడగడానికి. నాకు పెద్దగా బాధ కూడా కలగలేదు. బంతిపూల బోర్డరు పెట్టాను. దీపాలు రెండు పెట్టాను. మొహం మీద మచ్చలు తీసేశాను. ఊడిన కాలరు మాత్రం చూస్తూ కూచున్నాను. ఇంకో ఫొటోలోంచి ఒక గుండీ కత్తిరించి తెచ్చి, ఆయన కాలరు దగ్గరికి లాగి, రెండు అంచులూ కలిపి, అక్కడ అతికించాను. నీడ కూడా ఇచ్చాను. నాకు వచ్చిన విద్య అంతే. కొడుకు గమనించలేదు. బాగుందన్నా అని బొటనవేలు బొమ్మ పంపాడు.

ఇంటిది వాళ్ళే వచ్చి పట్టుకెళ్ళారు. వడ్డాదిది కట్టడానికి నేనే బయల్దేరాను. బండి ఉంది. ఎందుకో బస్సెక్కాను. ఫ్లెక్సీ చుట్ట కాళ్ళ మధ్య, ఒకప్పుడు లైట్ల స్టాండు పెట్టుకున్నట్టు. ఆడవాళ్ళకి టిక్కెట్టు ఫ్రీ అయ్యాక బస్సు నిండుగా ఉంటోంది. కండక్టరు ఒక పాతికేళ్ళ అమ్మాయి. అందరి మధ్యలోంచి చేతి మిషను పట్టుకుని దూరుకుంటూ వచ్చి టిక్కెట్టు ఇచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. తోటలు, తాటిచెట్లు, కోత కోసిన మళ్ళు. ఏమీ ఆలోచించలేదు. ఈమధ్య బస్సులో ఆలోచించడం కూడా మానేశాను. బస్సు ఎక్కడెక్కడో ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఎవరి ఫోన్లో వాళ్ళు. నేను అలాగే కూచున్నాను, దిగమన్నప్పుడు దిగుదామని.

బస్సు ఖాళీ అయ్యాక కండక్టరమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పెద్దాయన దారి తప్పాడనుకుందో ఏమో.

"ఎక్కడ దిగాలి బాబూ మీరు?"

"రాజధాని" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోరే అనేసింది. ఆ అమ్మాయి ఎగతాళి అనుకోలేదు. చేతి మిషను మీద వేలితో పైకీ కిందికీ వెతికింది. అలాంటి స్టేజీ లేదండీ అంది. నేను చేతిలో టిక్కెట్టు చూపించాను.

"వడ్డాదా? అది ఎనక్కి ఎల్లిపోనాది గదా. దిగలేదేటి?"

"పిలుస్తారు కదా అని కూచున్నాను."

"ఎవులు పిలుస్తారండీ?" అంది. నిజంగానే అడిగింది. ఎవరో ఉన్నారేమో అని వెనక్కి తిరిగి కూడా చూసింది.

వెనక తలుపు దగ్గర కడ్డీ ఉంది. ఎవరూ లేరు. ఆయన పోయాడని నాకు అప్పుడు తెలిసింది. ఫొటో వచ్చినప్పుడు కాదు, పేరు టైపు చేసినప్పుడు కాదు.

ఆ అమ్మాయే బెల్లు కొట్టి బస్సు ఆపించింది. ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకుని దిగాను. బస్సు వెళ్ళిపోయింది. రెండు పక్కలా చెరుకు, మనిషన్నవాడు లేడు. ఏడుపు వస్తుందేమో అని కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు. వెనక్కి నడిచాను. వడ్డాది మొదటి ఇళ్ళు కనబడగానే ఫ్లెక్సీ కింద పెట్టి, కాలరు గుండీ పెట్టుకున్నాను.